బొగ్గు తొట్టిని ఎవరు మోశారు?

ఇంగ్లండ్‌లో ఏ చిన్న ఊళ్లో పాత సామాన్ల దుకాణానికి వెళ్లినా, గోడ గడియారాలకూ పింగాణీ పళ్లాలకూ పక్కన నేల మీద ఒక రాగి పాత్ర కనిపిస్తుంది. వెడల్పాటి మూతి, గుండ్రంగా పైకి లేచిన వీపు, అడుగున చిన్న పీట, పైన ఊగే కాడ, వెనక చేతికి అందేలా మరో పిడి. సైనికుడి శిరస్త్రాణాన్ని వెల్లకిలా పెట్టినట్టు ఉంటుంది కాబట్టి దాన్ని హెల్మెట్ స్కటిల్ అంటారు. ఫైర్‌ప్లేస్ పక్కన బొగ్గు ఉంచుకోవడానికి చేసిన తొట్టి అది. కాడకు ఒక చీటీ కట్టి ఉంటుంది: విక్టోరియా కాలం, రాగి, మంచి స్థితిలో ఉంది, ధర ఇంత. అందులో ఎంత బరువు పట్టేది, ఆ బరువును ఎవరు మోసేవారు, ఎన్ని మెట్లు ఎక్కించేవారు అన్న మాట ఏ చీటీ మీదా నాకు కనబడలేదు. అది రాయాలంటాను నేను. ఆ ఒక్క మాట లేకపోతే ఆ పాత్ర గురించి చెప్పింది సగమే.

నేను పుట్టి పెరిగింది ఇల్లందులో. నాన్న సింగరేణి బొగ్గు బాయిలో కోల్ ఫిల్లర్. ఇప్పుడు నేను యార్క్‌షైర్‌లో, గనులు మూతపడిన ఊళ్ల మధ్య ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. రోజంతా నడుములూ మోకాళ్లూ మణికట్లూ చూసే ఉద్యోగం. అందుకే ఏ పాత పనిముట్టు కనబడినా నా కళ్లు ముందు దాని పిడి దగ్గరికి పోతాయి. ఎక్కడ పట్టుకునేవారు? బరువు ఎటు లాగేది? సాయంత్రానికి ఏ కీలు నొప్పెట్టేది?

ఆ చూపుతో చూస్తే హెల్మెట్ స్కటిల్ ఎంతో ఆలోచించి చేసిన వస్తువు. పైనున్న కాడ మోయడానికి, వెనకున్న పిడి ఒంపడానికి. ఒక చేత్తో కాడ పట్టుకుని రెండో చేత్తో వెనక పిడి పైకెత్తితే బొగ్గు మూతిలోంచి జారి నేరుగా నిప్పులో పడుతుంది. పార అక్కర్లేదు. పీట ఉంది కాబట్టి అడుగు నేలకు ఆనదు, తివాచీకి మసి అంటదు. చేత్తో కొట్టి చేసిన పాతకాలపు తొట్టిలో రేకు అంచులను పళ్లు పళ్లుగా కోసి, ఒకదానిలో ఒకటి దూర్చి మాటేసిన గీత కనిపిస్తుంది. తర్వాత యంత్రం మీద తిప్పి చేసినవి పలచన, వేలితో తడితే మోతలోనే తేడా తెలుస్తుంది. నిజంగా వాడిన తొట్టికి లోపల గీతలుంటాయి, మూతి అంచున సొట్టలుంటాయి, పీట అరిగి ఉంటుంది. దుకాణాల వాళ్లు చాలామంది ఆ సొట్టలు తీయించి, మెరుగు పెట్టించి, మాయకుండా పైన వార్నిష్ కొట్టిస్తారు. నన్నడిగితే సొట్టలున్న తొట్టికే విలువ ఎక్కువ. ఆ సొట్ట ఒక తెల్లవారుజామున ఎవరి చెయ్యో జారితే పడింది.

ఇన్ని తొట్లు ఎందుకు అవసరమయ్యాయో తెలియాలంటే కట్టెల కరువు దగ్గర మొదలుపెట్టాలి. 16, 17 శతాబ్దాల్లో లండన్ జనం పెరిగేకొద్దీ కట్టెల ధర పెరిగింది. న్యూకాసిల్ నుంచి ఓడల మీద బొగ్గు దిగింది. 1661లో జాన్ ఎవిలిన్ ఆ బొగ్గు పొగ మీద రాజుకు మొరపెట్టుకుంటూ ఒక పుస్తకమే రాశాడు. ఆ మరుసటి ఏడాది నుంచి 1689 దాకా ఇంట్లో ఎన్ని పొయ్యిలుంటే అంత పన్ను కట్టాల్సి వచ్చింది. 1790ల్లో కౌంట్ రమ్‌ఫర్డ్ ఫైర్‌ప్లేస్ లోతు తగ్గించి, పక్క గోడలు ఏటవాలుగా కట్టి, పొగగొట్టం మెడ ఇరుకు చేసే పద్ధతి చెప్పాడు. వేడి గదిలోకి వచ్చింది, పొగ పైకి పోయింది. తర్వాత విక్టోరియా కాలంలో కట్టిన ఓ మోస్తరు కలవారి ఇళ్లలో ముందు గదికీ భోజనాల గదికీ పడకగదులకీ పిల్లల గదికీ వేరువేరుగా ఫైర్‌ప్లేస్‌లు పెట్టారు. చలికాలంలో ఒక్కో నిప్పుకూ రోజుకు ఎన్నోసార్లు బొగ్గు వేయాలి. అడుగున మిగిలిన బూడిద ఎత్తిపోయాలి.

ఆ బొగ్గు ఉండేది కిందెక్కడో నేలమాళిగలో. లండన్ పాత వీధుల్లో నడిచేటప్పుడు కాలిబాట మీద చూడండి, ఇళ్ల గుమ్మాల ముందు చిన్న గుండ్రటి ఇనుప మూతలుంటాయి. బొగ్గు బండివాడు ఆ మూత తీసి సంచులు అందులో కుమ్మరించేవాడు. ఒక్కో సంచి ఒక హండ్రెడ్‌వెయిట్, అంటే 112 పౌండ్లు, మన లెక్కలో దాదాపు 51 కిలోలు. మసి బట్టలతో ముందు గదిలోంచి నడిచే పని లేకుండా ఆ ఏర్పాటు. కాలు జారకుండా ఆ మూతల మీద నక్షత్రాలు, పువ్వులు, గీతల నమూనాలు పోతపోసేవారు. 1863లో షెపర్డ్ టేలర్ అనే వైద్య విద్యార్థికి అవి నచ్చి వీధులు తిరిగి బొమ్మలు గీసి పెట్టుకున్నాడు. అవి 1929లో పుస్తకంగా వచ్చాయి. చక్కటి పని చేశాడు, ఆ పుస్తకం ఉండటం మంచిదే. కానీ ఆ మూత కింద కుప్పపడ్డ బొగ్గును తొట్టికెత్తి మూడంతస్తులు మోసుకెళ్లిన అమ్మాయి బొమ్మను ఆ రోజుల్లో గీసినవాళ్లు అరుదు.

నిండిన రాగి తొట్టి పది కిలోల పైమాటే. ఒక చేత్తో పది కిలోలు ఒక పక్క వేలాడదీసుకుని మెట్లెక్కితే వెన్ను రెండో పక్కకు ఒరుగుతుంది. నడుము పక్కనున్న కండరం ఆ బరువు లాగుడును తట్టుకుంటూనే ఉండాలి. రెండు చేతుల్లో సమానంగా రెండు బకెట్లు మోయడం దీనికంటే నయం. కానీ పనివాళ్ల మెట్లు ఇరుకుగా, నిటారుగా, వెలుతురు లేకుండా ఇంటి వెనక ఉండేవి, ఇంటివాళ్లకు ఎదురుపడకుండా. ఆ మెట్ల మీద రెండు బకెట్లతో పోవడానికి చోటెక్కడిది? నా దగ్గరికి ఈ నడుముతో ఎవరైనా వస్తే మొదట చెప్పే మాట, ఆ బరువు మోయడం ఆపమని. ఆ తొట్టి మోసిన అమ్మాయికి ఆ మాట చెప్పే మనిషే లేడు.

ఆ అమ్మాయిల్లో ఒకరి పేరు మనకు తెలుసు. హన్నా కల్విక్. 1833లో ష్రాప్‌షైర్‌లో పుట్టింది, పసితనంలోనే ఇళ్లలో పనికి కుదిరింది, 1909లో పోయింది. ఆర్థర్ మన్బీ అనే చదువుకున్న పెద్దింటి మనిషి అడగ్గా ఏళ్ల తరబడి తన రోజువారీ పని డైరీలుగా రాసింది. 1873లో అతన్నే రహస్యంగా పెళ్లి చేసుకుంది. ఆ డైరీలు ఇప్పుడు కేంబ్రిడ్జ్ ట్రినిటీ కాలేజీలో ఉన్నాయి. నిప్పు రాజేయడం, ఇనుప కమ్మీలకు నల్ల పూత రుద్దడం, బొగ్గు మోయడం, బూట్లు తుడవడం, మెట్లు కడగడం, మళ్లీ బొగ్గు. పేజీ తర్వాత పేజీ అదే. విక్టోరియా యుగం చివరికి బ్రిటన్‌లో పది లక్షలమందికి పైగా ఆడవాళ్లు ఇళ్లలో పనిచేసేవారు. వాళ్లలో తన చేత్తో తన పని ఇంత వివరంగా రాసి పెట్టినవాళ్లు చాలా అరుదు. ఇంగ్లిష్ వచ్చిన తెలుగు పాఠకులకు నా మనవి: ఆ కాలపు రాణుల చరిత్రలు చదివినంత శ్రద్ధగా ఈమె డైరీలు చదవండి.

యజమానురాళ్ల వైపు నుంచి చూడాలంటే 1861లో వచ్చిన మిసెస్ బీటన్ గృహనిర్వహణ పుస్తకం ఉంది. పనిమనిషి పొద్దున్నే చేతపట్టాల్సిన పెట్టెలో ఏయే బ్రష్‌లుండాలో, తోలు ముక్కలెన్నుండాలో, బూడిదలోంచి సగం కాలిన బొగ్గు జల్లించి తీసే బకెట్ ఎలా ఉండాలో అందులో వివరంగా ఉంది. మోకాళ్ల మీద కూర్చుని ఆ కమ్మీలు తోమీ తోమీ, నేలలు కడిగీ కడిగీ మోకాలి చిప్ప ముందున్న చిన్న నీటి సంచి వాచేది. ఆ జబ్బుకు వైద్య పుస్తకాల్లో పనిమనిషి మోకాలు అనే పేరే స్థిరపడిపోయింది. నేను చదువుకున్న పాఠ్యపుస్తకంలోనూ ఆ పేరే ఉంది.

నాకు కోపం వచ్చే సంగతి ఇంకొకటి. 19వ శతాబ్దం నడిమికి వచ్చేసరికి బొగ్గు కంటికి కనబడటం మర్యాద కాదని తోచింది కలవారికి. దాంతో పర్డోనియం వచ్చింది. పర్డన్ అనే ఆయన పేరు మీద వచ్చిందంటారు. పైకి అది మహాగని చెక్కతోనో నల్ల వార్నిష్ పూసిన రేకుతోనో చేసిన అందమైన పెట్టె. ఏటవాలు మూత, మూత మీద పూలు, వెనక చిన్న ఇత్తడి పార దూర్చే సందు. లోపల తీసి పెట్టుకునే రేకు తొట్టి, బొగ్గు అందులో. వుల్వర్‌హాంప్టన్‌లో హెన్రీ లవ్‌రిడ్జ్ కంపెనీ ఇలాంటి వార్నిష్ రేకు సామాను చేసి పేరు తెచ్చుకుంది. క్రిస్టఫర్ డ్రెసర్ అంతటి డిజైనర్ లండన్ బెన్‌హమ్ అండ్ ఫ్రౌడ్ వాళ్లకు బొగ్గు పెట్టె గీసిచ్చాడు. పనితనం చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది, అందులో నాకు సందేహం లేదు. కానీ ఆ పెట్టె మోసేవాళ్లకు మేలు చేయలేదు. లోపలి రేకు తొట్టిని రోజూ తీసి, కిందికి మోసుకెళ్లి, నింపి, పైకి తెచ్చి మళ్లీ దించాలి. పైనుంచి చెక్కకు మెరుగు పెట్టాలి, ఇత్తడికి మెరుగు పెట్టాలి. బొగ్గును కప్పిన మూతే మోసిన మనిషినీ కప్పేసింది. ఇవాళ మనం ముచ్చటపడే ఆ మెరుపు కూడా ఆమె చేతి కష్టమే.

బొగ్గు తొట్టి ఎవరి చేతికింద ఉందన్నది ఆ ఇంట్లో, ఆ ఆఫీసులో పెత్తనం ఎవరిదో చెప్పేది. చార్లెస్ డికెన్స్ 1843లో రాసిన 'ఎ క్రిస్మస్ కేరల్' చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. యజమాని స్క్రూజ్ బొగ్గు పెట్టెను తన గదిలోనే పెట్టుకుంటాడు. గుమస్తా పార పట్టుకుని లోపలికి వెళ్తే ఉద్యోగం పోతుంది, అందుకని కొవ్వొత్తి దగ్గర చేతులు కాచుకుంటాడు. చివరికి మనసు మారిన స్క్రూజ్ ముందుగా చెప్పే పనుల్లో ఒకటి, వెళ్లి ఇంకో బొగ్గు తొట్టి కొనుక్కురమ్మని. ఒక మనిషి మారాడని చూపడానికి డికెన్స్‌కు అంతకంటే మంచి వస్తువు దొరకలేదు.

మెట్ల కింద ఆ పనమ్మాయి ఉంటే, నేల కింద ఇంకా చిన్నవాళ్లున్నారు. మా ప్రాంతంలోనే బార్న్‌స్లీ దగ్గర సిల్క్‌స్టన్‌లో 1838 జులైలో పెద్ద వాన కురిసి వాగు పొంగి హస్కర్ గనిలోకి నీళ్లు దూరాయి. 26 మంది పిల్లలు చనిపోయారు, ఏడేళ్లవాళ్లతో సహా. ఆ తర్వాత నాలుగేళ్లకు, 1842లో, ఆడవాళ్లనూ పదేళ్లలోపు మగపిల్లలనూ గనుల లోపలికి దించకూడదని చట్టం వచ్చింది. ఆ ఊరి చర్చి ఆవరణలో పిల్లల పేర్లు చెక్కిన రాయి ఉంది. వేక్‌ఫీల్డ్ దగ్గర పాత క్యాప్‌హౌస్ గనినే జాతీయ బొగ్గు గనుల మ్యూజియంగా మార్చారు. మన దగ్గర్నుంచి చుట్టాలెవరొచ్చినా నేను ముందు అక్కడికే తీసుకెళ్తాను.

ఇక నేను పుట్టిన ఇల్లందు. అక్కడ బొగ్గు ఉందని 1871లో డాక్టర్ విలియం కింగ్ కనిపెట్టాడు. లండన్‌లో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ 1886లో హక్కులు తీసుకుంది, 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది. ఆ తవ్వకం మా నాన్న తరం దాకా చాలావరకు చేతి పనిగానే సాగింది. చెమ్మస్ అనే పారతో బొగ్గు ఎత్తి, తట్టలో నింపి, మోసుకెళ్లి టబ్బులో పోయడం ఫిల్లర్ పని. తట్టా చెమ్మస్ అంటే సింగరేణిలో వస్తువుల పేరు కాదు, అదొక బతుకు. ఇంట్లో అమ్మ బొగ్గు పొయ్యిని ముందు వాకిట్లో రాజేసి, పొగ పోయి ఎర్రగా కాలాక లోపలికి తెచ్చుకునేది. మా బొగ్గు తొట్టి నూనె డబ్బా. పైభాగం కోసి తీగ కట్టారు. నిండుగా ఉన్నప్పుడు ఆ తీగ వేళ్లలో దిగేది. హెల్మెట్ స్కటిల్ కాడకు చేతికి సుఖంగా తొడిగిన నున్నటి కర్రను మొదటిసారి ముట్టుకున్నప్పుడు నాకు అమ్మ వేళ్లు గుర్తొచ్చాయి.

బొగ్గు ఇంతమందిని చంపింది కదా, దాని పాత్రలను దాచుకోవడం ఎందుకని అడిగేవాళ్లుంటారు. వాళ్లు చెప్పేదాంట్లో నిజం ఉంది. 1952 డిసెంబరు 5 నుంచి 9 దాకా లండన్‌ను పొగమంచు కమ్మేస్తే నాలుగు వేలమంది పోయారని అప్పటి లెక్క, పన్నెండు వేల దాకా ఉండొచ్చని తర్వాతి అంచనా. అందులో ఇళ్ల ఫైర్‌ప్లేస్‌ల పొగ వాటా పెద్దది. 1956లో స్వచ్ఛమైన గాలి చట్టం అందుకే వచ్చింది. ఇంగ్లండ్‌లో ఇంటి బొగ్గు సంచుల అమ్మకం 2021 మేలో ఆగింది, విడి బొగ్గు అమ్మకం 2023 మేలో. చివరి లోతు గని కెల్లింగ్లీ 2015 డిసెంబరులో మూతపడింది, చివరి బొగ్గు విద్యుత్ కేంద్రం రాట్‌క్లిఫ్ 2024 సెప్టెంబరు 30న. ఇవన్నీ ఆగాల్సినవే. ఊపిరితిత్తుల్లో దుమ్ముతో ఊపిరాడని ముసలి కార్మికులను చూసే మనిషిని, బొగ్గు మళ్లీ కాల్చమని నేనెందుకంటాను? కాల్చడం ఆగింది కాబట్టే గుర్తుపెట్టుకోవాలి అంటున్నాను. పొయ్యి ఆరిపోయాక మోసినవాళ్లను మర్చిపోవడం చాలా తేలిక.

పాత సామాన్ల దుకాణాల్లో బొగ్గు తొట్ల పక్కనే కట్టెల పాత్రలూ ఉంటాయి. పెద్ద రాగి తొట్లకు సింహం ముఖాల ఇత్తడి కడియాలు తగిలించి లాగ్ బిన్‌లని అమ్ముతుంటారు. వాటిలో కొన్ని ఒకప్పుడు బట్టలు ఉడకబెట్టిన కాగులు. ఐర్లండ్ నుంచి ఇత్తడి పట్టీలు బిగించిన మహాగని బకెట్లు వస్తాయి, అవి పీట్ మోయడానికి చేసినవి, అంటే చిత్తడి నేలలో తవ్వి ఎండబెట్టిన గడ్డలు. ఇక్కడి మన తెలుగువాళ్లు కట్టెల స్టవ్ పెట్టించుకుని ఇలాంటివి కొంటున్నారు. కొనండి, మంచిదే. అందులో తేమ 20 శాతం లోపున్న ఎండు కట్టెలే వేసుకోండి. స్టవ్‌లోంచి తీసిన బూడిద మాత్రం వాటిలో పోయకండి. చల్లారినట్టు కనబడే బూడిదలో మరుసటి రోజు కూడా నిప్పు ఉంటుంది. దానికి మూత ఉన్న ఇనుప బకెట్ వేరే ఉండాలి, అది ఇంటి బయట ఉండాలి.

మోసినవాళ్లను గుర్తుపెట్టుకోవడం ఎలాగో చూపిన ఇల్లు ఒకటుంది. వేల్స్‌లో రెక్సమ్ దగ్గర ఎర్దిగ్. యార్క్ కుటుంబం తమ ఇంట్లో పనిచేసినవాళ్ల చిత్రాలు గీయించి, వాళ్ల మీద పద్యాలు రాసి, గోడకు వేలాడదీసింది. 1973లో ఆ ఇల్లు నేషనల్ ట్రస్ట్ చేతికొచ్చింది. సందర్శకులు సింహద్వారంలోంచి కాకుండా పనివాళ్లు తిరిగిన వైపు నుంచి లోపలికి వెళ్తారు. ఆ ఇంటి కింద బొగ్గు తవ్వితే నేల కుంగి గోడలు పగిలాయి. పైన వెచ్చదనం కోసం కింద ఏం జరిగిందో ఆ పగుళ్లు చూపించాయి. మిగతా పెద్ద ఇళ్లు, మ్యూజియంలు కూడా ఎర్దిగ్ దారిలో నడవాలి. బొగ్గు తొట్టిని వెలిగే దీపాల కింద ఒంటరిగా పెట్టకుండా, నేలమాళిగ నుంచి ఆ గది దాకా ఎన్ని మెట్లున్నాయో పక్కన రాయాలి. వీలైతే ఇటుకలు నింపిన తొట్టి ఒకటి అక్కడ పెట్టి, ఎత్తి చూడమనాలి. పిల్లలకు వంద మాటలు చెప్పే పని అదొక్కటి చేస్తుంది.

సింగరేణి ఊళ్లలోని కుటుంబాలకూ ఒక మాట. తట్టా చెమ్మస్ పని పోయింది, యంత్రాలొచ్చాయి, సంతోషం. మీ ఇంటి అటక మీద తాత వాడిన తట్ట, చెమ్మస్, టోపీ దీపం, అమ్మ వాడిన బొగ్గు డబ్బా ఏదైనా మిగిలి ఉంటే పాత ఇనుము బండికి వేయకండి. తోమకండి, రంగులు వేయకండి. ఒక కాగితం మీద ఎవరు మోశారు, ఏ బాయిలో, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా అని రాసి దానికి కట్టండి. ఆ వివరాలు చెప్పగలిగిన పెద్దవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. ఈ ఆదివారమే అడిగి రాసుకోండి.